తీగ మీద తెల్లగద్ద ఏది? మన సీమలో గద్దలు తగ్గాయా, పెరిగాయా?

అడిగిన మిత్రుడిది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఆయన అడిగినవి నాలుగు సంగతులు. పొలం పక్కన కరెంటు తీగ మీద తెల్లగా, ఎర్రకళ్ళతో కూర్చుని, లేస్తే గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచే పక్షి ఏది? చిన్నప్పుడు చూసిన రాబందులు ఏమయ్యాయి? కర్నూలుకు పోతే చెత్తదిబ్బ మీద గద్దలు గుంపులు గుంపులుగా తిరుగుతుంటే, గద్దలు తగ్గిపోతున్నాయని పేపర్లో ఎందుకు రాస్తున్నారు? చివరగా, వాళ్ళ బావమరిది తాటిచెట్టు కింద దొరికిన వంకరముక్కు పిల్లను ఇంటికి తెచ్చాడు, పెంచుకోవచ్చా?

ముందు సూటిగా జవాబులు చెప్తాను. తీగ మీది పక్షి నల్లభుజాల గద్ద, ఇంగ్లీషులో బ్లాక్ వింగ్డ్ కైట్ అంటారు. రాబందులు మన దగ్గర దాదాపు లేకుండా పోయాయి, కారణం పశువుల మందు. ఊళ్ళో గద్దలు నిలదొక్కుకున్నాయి, బీళ్ళలో బతికే గద్దజాతులే తగ్గాయి. మీరు చూసిందీ నిజమే, పేపర్లో రాసిందీ నిజమే, అవి వేర్వేరు పక్షుల సంగతులు. ఇక ఆ పిల్లను పెంచుకోకూడదు. ఈరోజే దొరికిన చెట్టు దగ్గరికి తీసుకుపొమ్మనండి. ఎలాగో కింద చెప్తాను, తొందరుంటే ముందు ఆఖరి పేరాలు చదవండి.

నేను పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా ఉమ్మడి కర్నూలు, అనంతపురం జిల్లాల పల్లెల్లోనే. బండి మీద ఊరూరా తిరగడం, మెడలో బైనాక్యులర్ వేసుకోవడం రెండూ అప్పటి అలవాట్లే. కాబట్టి ఈ సంగతులు కొంత గొడ్ల వైపు నుంచి, కొంత ఆకాశం వైపు నుంచి చెప్తాను.

రంగు చూసి పేరు చెప్పొద్దు. గద్దజాతిలో రంగు నమ్మదగ్గది కాదు. పిల్లప్పుడు ఒక రంగు, పెద్దయ్యాక ఒక రంగు, ఆడదానికి ఒకటి, మగదానికి ఒకటి. ఎండ వెనక నుంచి పడితే అన్నీ నల్లగానే కనిపిస్తాయి. నేను చూసే వరస ఇది: మొదట తోక, తర్వాత రెక్కల ఆకారం, ఆ తర్వాత ఎగిరే తీరు. వీటితోపాటు ఏ నెల, ఏ తావు అన్నది కూడా. ఈ నాలుగూ కుదిరాకే రంగు.

మీ తీగ మీది పక్షితోనే మొదలుపెడదాం. కాకి కంటే చిన్నది. పైన బూడిద, కింద తెలుపు, భుజం మీద నల్లమచ్చ, పొట్టి తోక. కూర్చున్నప్పుడు ఆ తోకను పైకీ కిందికీ ఊపుతుంటుంది. గాల్లో నిలబడి కిందకి చూసి, కాళ్ళు వేలాడేసుకుని మెట్లుమెట్లుగా దిగుతుంది. ఎలుకలు, మిడతలు దాని ప్రధానమైన తిండి. మీరు అడగలేదు గానీ, ఇది వలస పక్షి కాదు. ఎలుకలు ఎక్కడ ఎక్కువుంటే అక్కడికి జరుగుతూ ఉంటుంది, అందుకే ఒక ఏడు కనిపించి మరో ఏడు కనిపించకపోవచ్చు. చెనిక్కాయ చేలో, జొన్న చేలో ఎలుకల బాధ ఉన్న రైతుకు ఇంతకంటే మంచి చుట్టం ఉండదు. చేనిలో విషపు ఎర పెడితే ఆ ఎలుకను తిన్న గద్దకూ విషం ఎక్కుతుంది. బ్రోమాడియోలోన్ లాంటి మందులు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది. అలా తూలే ఎలుకే గద్దకు అందరికంటే ముందు దొరుకుతుంది.

గాల్లో నిలబడే పక్షి కనిపించగానే ఇదే అనుకోవద్దు. మన దగ్గర అలా నిలబడేవి ముఖ్యంగా మూడు. రెండోది కెస్ట్రెల్, పాతవాళ్ళు తొండల డేగ అనేవాళ్ళు. ఇటుక రంగు వీపు, కోసు రెక్కలు, పొడవు తోక, తోక చివర నల్లపట్టీ. మన మైదానాల్లో కనిపించేవి ఎక్కువగా చలికాలానికి వచ్చేవే. కొండలూ బండలూ ఉన్న చోట, గుత్తి కోట వంటి తావుల్లో వెతకండి. మూడోది పాములగద్ద, అంటే షార్ట్ టోడ్ స్నేక్ ఈగిల్. ఇది చాలా పెద్దది, కింద తెల్లగా, తల గుడ్లగూబ తలలా గుండ్రంగా, పసుపు కళ్ళతో ఉంటుంది. అంత బరువు పక్షి గాల్లో నిలబడటం చూస్తే ఇక మరిచిపోరు. సైజు అందకపోయినా కాళ్ళు చూడండి. పాములు పట్టేదానికి కాళ్ళ మీద ఈకలుండవు, బోసిగా ఉంటాయి.

ఊళ్ళో తిరిగే మామూలు గద్ద తోక మధ్యలో నొక్కు ఉంటుంది. తోక విప్పినప్పుడు నొక్కు మాయమవుతుంది కాబట్టి ఒక్క ఫోటో చూసి తేల్చొద్దు, తిరిగేటప్పుడు కాసేపు చూడండి. గరుడపక్షి తోక గుండ్రంగా ఉంటుంది. పెద్ద గరుడపక్షిని తెల్లతల, ఇటుక ఒళ్ళు చూసి ఎవరైనా పోల్చుకుంటారు. తికమకపెట్టేది దాని పిల్ల. అది మట్టిరంగులో ఉండి అచ్చం ఊరగద్దలానే కనిపిస్తుంది. అప్పుడు తోకే దిక్కు. చెరువుల దగ్గర, తుంగభద్ర ఒడ్డున గరుడపక్షి ఎక్కువ.

కోడిపిల్లల్ని ఎత్తుకుపోయేది ఏదని చాలామంది అడుగుతారు. చాలాసార్లు ఊరగద్ద, లేదంటే షిక్రా డేగ. షిక్రా పావురమంత ఉంటుంది. పొట్టి గుండ్రటి రెక్కలు, పొడవు తోక. నాలుగైదు సార్లు రెక్కలు గబగబా కొట్టి, కాస్త జారి, మళ్ళీ కొడుతుంది. చెట్లలోంచి చాటుగా వచ్చి పోతుంది. ఆడది మగదానికంటే పెద్దది. ఇది ఒక్క డేగలోనే కాదు, గద్దజాతుల్లో చాలావాటికి ఇంతే. జంట కనిపిస్తే చిన్నది పిల్ల అనుకోకండి, అది మగది కావచ్చు.

కొండల దగ్గర, గండికోట లోయ వంటి చోట, తెల్ల పొట్ట మీద గీతలు, నల్లటి రెక్కలు, తోక చివర నల్లపట్టీ ఉన్న బలమైన పక్షి కనిపిస్తే అది బొనెల్లీ డేగ అయ్యే అవకాశం ఎక్కువ. నల్లమల, లంకమల అడవుల్లో నల్లగా ఉండి, ఎగిరేటప్పుడు రెక్కల కింద వెడల్పు తెల్లపట్టీ కనిపిస్తూ, ఈలవేసినట్టు అరిచేది క్రెస్టెడ్ సర్పెంట్ ఈగిల్. కాళ్ళ మీద గోళ్ళదాకా ఈకలుండి, ఒళ్ళంతా ఎండుగడ్డి రంగులో, బీటి పొలాల మీద తుమ్మచెట్టెక్కి కూర్చునేది టానీ ఈగిల్. ప్రపంచవ్యాప్తంగా దీని స్థితి బాగాలేదు, అపాయం అంచున ఉన్న జాతుల జాబితాకు చేర్చారు.

ఇప్పుడు పిల్లిగద్దల సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మన సీమకు ప్రపంచంలో ఒక చోటు ఉందంటే అది వీటివల్లే.

హారియర్లు అనే ఈ పక్షులు చలికాలంలో కజక్‌స్తాన్ వంటి దేశాల గడ్డిమైదానాల నుంచి వస్తాయి. గడ్డి మీదుగా తక్కువ ఎత్తులో, రెక్కలు కొంచెం పైకి ఎత్తిపట్టి, అటూ ఇటూ వాలుతూ, పొలంలో తాళంచెవి పోగొట్టుకున్న మనిషి వెతికినట్టు అంగుళం అంగుళం వెతుకుతాయి. మగ మాంటెగూ హారియర్ బూడిద రంగు, రెక్క మీద పొడుగ్గా ఒక నల్లగీత ఉంటుంది. మగ పాలిడ్ హారియర్ ఇంకా తెల్లగా ఉంటుంది, రెక్క కొసన మాత్రం సన్నటి నల్లచీలిక. ఆడవీ పిల్లలూ గోధుమరంగు, తోక మొదట్లో తెల్లమచ్చ. ఆడవాటిలో ఏది ఏ జాతో చెప్పడం చాలా కష్టం. మెడ చుట్టూ తెల్లటి పట్టీ స్పష్టంగా ఉంటే పాలిడ్ వైపు మొగ్గు చూపండి. ఫోటోలో తేలకపోతే హారియర్ అని మాత్రం రాసి వదిలేయండి. చెరువు తుంగ మీద తిరిగే పెద్ద పక్షి, మీగడ రంగు తల ఉంటే మార్ష్ హారియర్.

ఇవి చెట్లెక్కి పడుకోవు. సాయంత్రం సూర్యాస్తమయానికి ముందు ఒక్కొక్కటిగా వచ్చి గడ్డిలో నేలమీదే పడుకుంటాయి. ఒకే గడ్డిబీటికి ఏటా వస్తాయి. అలాంటి బీడుల్లో పేరున్నది రోళ్ళపాడు. నందికొట్కూరు దగ్గర, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉంది. బట్టమేక పిట్ట, అంటే గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ అనే పెద్ద నేలపక్షి కోసం 1988లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. మొత్తం 6.14 చదరపు కిలోమీటర్లే. 1980ల నడుమ అక్కడ దాదాపు వెయ్యి హారియర్లు రాత్రి పడుకునేవని లెక్కలున్నాయి. 2016 నాటికి ఆ సంఖ్య వందకు పడిపోయింది. బట్టమేక పిట్ట సంగతి ఇంకా దారుణం, రోళ్ళపాడు పేరు చెప్పగానే గుర్తొచ్చే ఆ పక్షి ఇప్పుడు అక్కడ కనిపించడం లేదు.

ఎందుకు తగ్గాయి? ఒక్క కారణం కాదు. హారియర్ చలికాలపు తిండిలో మిడతలు పెద్ద భాగం. చుట్టుపక్కల పొలాల్లో పంట మారింది, నీళ్ళు వచ్చాయి, మందు కొట్టడం పెరిగింది. నల్లరేగడి చేలలో జొన్న, కొర్ర పోయి శనగ వచ్చింది, పత్తి వచ్చింది. పైర్ల మధ్య వదిలే బీడు మిగల్లేదు. నా ఉద్దేశంలో అన్నిటికంటే పెద్ద దెబ్బ మరోటి: మన రికార్డుల్లో గడ్డిబీడుకు విలువ లేదు. అడవి అంటే చెట్లున్నదే. చెట్లు లేని గడ్డినేల బంజరు, పోరంబోకు. బంజరు అనగానే అది ఎవరికైనా ఇచ్చేయొచ్చు. అక్కడ చెట్లు నాటినా నష్టమే, ఎందుకంటే హారియర్‌కు, బట్టమేకకు ఖాళీ గడ్డే ఇల్లు. కర్నూలు వైపు గని, శకునాల దగ్గర 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల సోలార్ పార్కు చూశారుగా. అనంతపురం వైపు రామగిరి గుట్టల మీద గాలిమరలు పాతకాలం నుంచే ఉన్నాయి. కరెంటు కావాలి, సూర్యుడి కరెంటు బొగ్గు కరెంటు కంటే మేలు. కానీ ఎక్కడ పెట్టాలో నిర్ణయించే ముందు ఆ నేల మీద ఎవరు బతుకుతున్నారో చూడాలి. మహారాష్ట్రలో సతారా దగ్గర చాళ్కేవాడి పీఠభూమి మీద 2018లో అచ్చయిన పరిశోధన గాలిమరలున్న చోట వేటపక్షులు నాలుగో వంతుకు తగ్గాయనీ, అందువల్ల తొండలు పెరిగాయనీ తేల్చింది. మన గుట్టల మీద అలాంటి పని ఎవరైనా చేస్తే బాగుండును.

తీగల సంగతీ ఇక్కడే చెప్పాలి. మీరు చూసిన చిన్నగద్దకు తీగ మీద కూర్చోవడం వల్ల ప్రమాదం తక్కువ. టానీ ఈగిల్ వంటి పెద్దవి 11 కేవీ స్తంభం మీద రెక్కలు విప్పితే రెండు తీగలను, లేదా తీగనూ ఇనుప అడ్డకమ్మీనీ ఒకేసారి తాకుతాయి, అంతే. స్తంభం దగ్గర తీగకు ప్లాస్టిక్ తొడుగు వేస్తే ఇది ఆగుతుంది. మీ పొలంలో స్తంభం కింద చచ్చిన పెద్దపక్షి కనిపిస్తే ఫోటో, స్తంభం నంబరు తీసి అటవీశాఖకూ విద్యుత్ శాఖకూ ఇవ్వండి.

ఇప్పుడు రాబందులు. ఊరి బయట చచ్చిన గొడ్లను వేసే చోట్ల అవి గుంపుగా దిగడం మా తరం అందరూ చూశారు. 1990ల మొదట్లో మొదలై పదిహేనేళ్ళలో తెల్లనడుము రాబందు సంఖ్య దేశంలో నూటికి తొంభైతొమ్మిది వంతులకు పైగా పడిపోయింది. పొడుగుముక్కు రాబందులు కూడా నూటికి తొంభైఏడు వంతుల దాకా పోయాయి. తిండి లేక కాదు, మందు వల్ల అని 2004లో రుజువైంది. ఆ మందు డైక్లోఫెనాక్.

అది గొడ్లకు ఎలా వచ్చిందో నేను దగ్గర్నుంచి చూశాను. కుంటుతున్న ఎద్దుకు, జ్వరంతో మేత మానేసిన ఆవుకు ఆ సూది వేస్తే గంటల్లో లేచి నిలబడేది. ధర తక్కువ, మందుల షాపులో ఎవరడిగినా దొరికేది. కాపు చేసే రైతుకు ఎద్దు లేవడమే కావాలి. కానీ మందు వేశాక నయం కాని గొడ్డు ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతే ఆ మందు మాంసంలో, కాలేయంలో మిగిలే ఉంటుంది. దాన్ని తిన్న రాబందు కిడ్నీలు పాడై, ఒంట్లో యూరిక్ ఆమ్లం పేరుకుని కొద్ది రోజుల్లో చస్తుంది. వంద కళేబరాల్లో ఒక్కదానిలో మందున్నా చాలు, ఒక కళేబరం మీద ఒక్క గుంపంతా వాలుతుంది కాబట్టి ఈ పతనం మొత్తం దానితోనే జరుగుతుందని లెక్కలు తేల్చాయి. పైగా రాబందు ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుంది, పిల్ల పెద్దయి గూడు కట్టడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. పోయినంత త్వరగా తిరిగి రాదు.

2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు గొడ్లకు వాడుతున్నారని 2015లో సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకు నిషేధం చేశారు. మీ ఎద్దుకు నొప్పి సూది వేయించాల్సి వస్తే మెలాక్సికామ్ అడగండి. అది రాబందులకు హాని చేయదని పరీక్షించి తేల్చారు, పశువుకూ బాగా పనిచేస్తుంది. షాపులో ఏది ఇస్తే అది తీసుకోకుండా సీసా మీద పేరు చదివి చూడండి. మీ పొలంలో నిలబడి రాబందుకు చేయగలిగిన పెద్ద సహాయం ఇదే.

మన రాతిగుట్టల మీద అప్పుడప్పుడు తెల్ల రాబందు కనిపిస్తుంది, ఈజిప్షియన్ వల్చర్. ఒళ్ళు తెలుపు, రెక్కల వెనక అంచు నలుపు, పసుపు బోసిముఖం, తోక వెనక్కి కోసుగా. తీగ మీది మీ తెల్లగద్దకు దీనికీ పోలికే లేదు, ఇది చాలా పెద్దది. కనిపిస్తే తేదీ, చోటు తప్పకుండా రాయండి, అది కూడా ప్రమాదంలో ఉన్న జాతి.

ఊరగద్దలు పెరిగాయా? చెత్తదిబ్బలు, మాంసం వ్యర్థాలు, కోళ్ళ షాపుల పోగులు పెరిగాయి కాబట్టి అవి అక్కడ గుమికూడుతున్నాయి. గుమికూడటం వేరు, సంఖ్య పెరగడం వేరు. పైగా చలికాలంలో మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే గద్దలు కూడా వీటిలో కలుస్తాయి, అందుకే జనవరిలో దిబ్బ మీద ఉన్నవి జూన్‌లో ఉండవు. ఒకే తావులో, ఒకే నెలలో, ఒకే పద్ధతిలో లెక్కపెడితే తప్ప పెరిగిందో తగ్గిందో చెప్పలేం. దేశమంతా పరిశీలకుల లక్షల నమోదుల మీద తయారైన 2023 పక్షుల స్థితి నివేదికలో వేటపక్షులను బాగా తగ్గిన వర్గాల్లో చేర్చారు. గడ్డిబీళ్ళలో బతికేవాటి మీద ఆ దెబ్బ గట్టిగా పడింది.

కాబట్టి మీ ఊరి లెక్క మీరే మొదలుపెట్టండి. మీ పొలం నుంచి చెరువు దాకా ఒకటే దారి ఎంచుకుని, నెలకోసారి ఒకే పొద్దున నడిచి, కనిపించిన ప్రతి వేటపక్షినీ ఈబర్డ్ యాప్‌లో నమోదు చేయండి. ఫోటో చూసి పక్షిని గుర్తుపట్టే మెర్లిన్ యాప్ పేరు చెప్పినా దాన్ని ఊరికే నమ్మొద్దు, అది ఫోటోలోని పక్షిని చూస్తుంది తప్ప మీ బీటిని చూడదు. ఏమీ కనిపించని రోజునూ రాయండి. తర్వాతివాళ్ళకు ఆ ఖాళీ రోజే ఎక్కువ పనికొస్తుంది. డిసెంబరు, జనవరిలో సాయంత్రం ఎత్తుగడ్డి ఉన్న బీటి అంచున, దూరంగా, కుక్కను తీసుకురాకుండా కూర్చుంటే హారియర్లు పడుకోవడానికి వస్తున్నాయో లేదో తెలుస్తుంది. వస్తుంటే ఆ చోటు పేరు సోషల్ మీడియాలో పెట్టకండి, కెమెరాలతో గుంపులు దిగితే అవి ఆ చోటు వదిలేస్తాయి.

ఇక ఆ పిల్ల. ముందు ముఖం చూడమనండి. ముఖం గుండ్రంగా, చదునుగా, కళ్ళు రెండూ ముందుకే ఉంటే అది గద్దపిల్ల కాదు, గుడ్లగూబ పిల్ల. తాటిచెట్టు తొర్రల్లో, పాత గోడల్లో అవే ఎక్కువ. ఏదైనా సరే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇంట్లో పెట్టుకోవడం నేరం. బావమరిది మంచి మనసుతోనే తెచ్చాడు, కానీ కింద పడ్డ పిల్లల్లో చాలావాటి తల్లిదండ్రులు పైనే ఉంటాయి. చేయి తగిలితే తల్లి దగ్గరికి రాదన్నది అపోహ. పక్షులు మనిషి వాసన పట్టి పిల్లను వదిలేయవు.

దెబ్బ లేకపోతే, గూడు అందితే గూట్లో పెట్టండి. అందకపోతే అడుగున చిల్లులు పెట్టిన వెదురుబుట్టలో ఎండుగడ్డి వేసి, అదే చెట్టుకు లేదా పక్క చెట్టుకు కుక్కలకు అందనంత ఎత్తులో గట్టిగా కట్టి అందులో పెట్టండి. దూరం నుంచి సాయంత్రం దాకా చూడండి, తల్లి మేత తెస్తుంది. గుడ్లగూబ అయితే చీకటి పడ్డాక వస్తుంది. రెక్క విరిగినా, ఒంటి మీద ఈగలు ముసిరినా మాత్రం గాలి ఆడే అట్టపెట్టెలో చీకట్లో ఉంచి దగ్గర్లోని అటవీశాఖ వాళ్ళకు ఫోన్ చేయండి. పాలు, అన్నం, రొట్టె పెట్టొద్దు. నోట్లో నీళ్ళు పోయొద్దు, శ్వాసనాళంలోకి పోయి చనిపోతుంది. ఒక్క పూట ఆలస్యమైతే ఉప్పూ నూనే లేని పచ్చి కోడిమాంసం చిన్న ముక్కలు పట్టకారుతో పెట్టండి, చేతికి గుడ్డ చుట్టుకోండి. దాని ముక్కు కంటే గోళ్ళే ప్రమాదం.